ఎయిర్ పిస్టల్, ఎనిమిదో నెల: 41 నుంచి 74 దాకా

షూటింగ్‌కి వెళ్తున్నానంటే వస్త్రలత బట్టల మార్కెట్లో మా షాపు వాళ్లంతా అడిగిన మొదటి మాట, "ఏ హీరోది?" అని. బాణాలంటే బెజవాడలో ఎవరికీ చెప్పక్కర్లేదు, జ్యోతి సురేఖ మన ఊరి పిల్లే. తుపాకీ అంటే మాత్రం అయితే సినిమా, లేకపోతే పోలీసులు. నాది ఆ రెండూ కాదు, పది మీటర్ల ఎయిర్ పిస్టల్. మందుగుండు ఉండదు, గాలి ఒత్తిడితో కొడుతుంది. 2024లో పారిస్‌లో మనూ భాకర్‌కి కాంస్యం వచ్చిన ఆటే. నాకు 43 ఏళ్లు కాబట్టి పతకాల బెంగ లేదు.

సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టా. మొదటి రోజు పది షాట్లకి 100కి 41. మొన్న ఆదివారం 74. మధ్యలో రేంజ్, అంటే షూటింగ్ నేర్చుకునే చోటు, మార్చాను. స్కోరు పెరగడానికి సగం కారణం అదే కాబట్టి ముందు ఆ సంగతి చెప్తా.

మొదటిది మా ఊళ్లోనే, పేరెందుకులెండి. మేనల్లుడి పుట్టినరోజని తీసుకెళ్లా. డబ్బులు కట్టింది నేను. కౌంటర్ దగ్గరి అబ్బాయి మాత్రం మొత్తం మావాడితోనే మాట్లాడాడు. నా వంతు వచ్చేసరికి, "మీ ఆంటీకి బరువుగా ఉంటది బ్రో, రెండు చేతుల్తో పట్టుకోమను" అన్నాడు. నేను పక్కనే ఉన్నా! పెల్లెట్, అంటే చిన్న సీసపు గుండు, తనే పెట్టి, పిస్టల్ నా చేతికిచ్చి, ఇంకో చేత్తో ఫోన్ చూసుకుంటున్నాడు. "ఎక్కడ చూడాలి బాబూ?" అంటే "ఆ నల్లదాన్ని చూసి కొట్టేయండి" అన్నాడు. అంతే, పాఠం అయిపోయింది. కాసేపటికి వెనక నుంచి వచ్చి, మాటైనా చెప్పకుండా నా మోచెయ్యి పట్టుకుని పైకెత్తాడు. షాపులో ఆడవాళ్ల భుజం మీద చీర వేసి చూపించాలంటే "వెయ్యమంటారా అమ్మా?" అని అడగందే వెయ్యం మేము.

నాలుగో ఆదివారం జరిగింది అసలు విషయం. నొక్కితే పేలలేదు. "ఇదేంటి బాబూ?" అంటూ పిస్టల్‌తో సహా వెనక్కి తిరిగా. బెంచీ మీద కూర్చున్న ముగ్గురూ గబుక్కున తలలు వంచేశారు. ఆ అబ్బాయి నవ్వి, "పర్లేదు మేడం, అందులో పెల్లెట్ లేదులే" అన్నాడు. తప్పు నాదే. కానీ పిస్టల్ గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలన్న ఒక్క ముక్క అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు గుంటూరు వెళ్తున్నా. ఆదివారం పొద్దున్నే బస్టాండులో ఎక్కితే గంట. అక్కడి మాస్టారు మొదటి రోజు ఇరవై నిమిషాల పాటు పిస్టల్ ముట్టుకోనివ్వలేదు. కోపం వచ్చింది, గంటకి డబ్బు కట్టా కదా! లోడ్, స్టార్ట్, స్టాప్, అన్‌లోడ్ అనే నాలుగు మాటలకీ ఏం చెయ్యాలో నా చేత చెప్పించారు. స్టాప్ అంటే వేలు ట్రిగ్గర్ మీంచి తియ్యాలి. అన్‌లోడ్ అంటే పిస్టల్ తెరిచి, గొట్టంలోకి నారింజ రంగు వైరు దూర్చి, గొట్టం టార్గెట్ వైపే ఉండేలా బల్ల మీద పెట్టాలి. ఆ వైరు బయటికి కనిపిస్తే లోపల పెల్లెట్ లేదని దూరం నుంచే అందరికీ తెలుస్తుంది. అందరివీ అలా అయ్యేదాకా ఎవరూ టార్గెట్ దగ్గరికి వెళ్లకూడదు.

తర్వాత ఒక మాటన్నారు. "అమ్మా, నిలబడే తీరు సరిచెయ్యాలంటే ముందు మిమ్మల్ని అడిగే చెయ్యి వేస్తా. ఒక్క విషయంలో మాత్రం అడగను. పిస్టల్ పక్కకి తిరిగితే మీ చెయ్యి పట్టేసుకుంటా. ఏమీ అనుకోవద్దు." రెండో వారమే ఆ అవసరం వచ్చింది. పాత అలవాటుగా ఏదో అడగబోయి భుజం తిప్పా. అరవలేదు, కంగారు పడలేదు. అరచేత్తో నా ముంజేతిని ఆపి మెల్లగా టార్గెట్ వైపు తిప్పి, "ముందు కింద పెట్టండి. ఇప్పుడడగండి" అన్నారు.

కన్ను సంగతీ అక్కడే బయటపడింది. రెండు చేతులూ చాచి, మధ్యలో చిన్న సందు ఉంచి, అందులోంచి గోడ గడియారం చూడమన్నారు. కుడికన్ను మూస్తే గడియారం సందులోనే ఉంది, ఎడమకన్ను మూస్తే మాయమైంది. నేను కుడిచేతి వాటం మనిషిని, నాది ఎడమకంటి వాటం. నెల రోజులు షాట్లు ఎటుపడితే అటు పోయిన గుట్టు ఇదీ! కళ్లజోడు ఎడమ అద్దానికి పల్చటి తెల్ల కాగితం అంటించారు. ఆ వారమే 48 కాస్తా 59 అయింది.

ఇక చూపు. నల్లదాన్ని చూడమన్నవాడి మాట పూర్తిగా తిరగేయాలి. గురి చూసుకోవడానికి పిస్టల్ మీద ముందొకటి, వెనకొకటి సైట్లు ఉంటాయి. వెనక సైటు గాడిలో ముందు సైటు నిలబడాలి, రెండు వైపులా వెలుతురు సమానంగా ఉండాలి, పైఅంచులు కలవాలి. కన్ను ముందు సైటు మీదే. టార్గెట్ మసకగా కనిపిస్తే కనిపించనీ. నల్ల గుండ్రం కింద కాస్త తెలుపు వదిలి అక్కడ ఆపాలి. పది మీటర్లంటే మా లెక్కలో జాకెట్టు ముక్క లేని చీరలు రెండు కొసా కొసా కలిపి పరిస్తే, ఇంకో మీటరు మిగులుతుంది. పది మార్కుల గుండ్రం అడ్డం 11.5 మిల్లీమీటర్లు, చొక్కా బొత్తాం అంత. పెల్లెట్ 4.5.

ఇంట్లో రోజూ లీటరు నీళ్ల సీసా చాచిన చేత్తో పట్టుకుని పది సెకన్ల చొప్పున పదిసార్లు. పిస్టలూ దాదాపు కిలో. ఎనిమిది సెకన్లలో షాట్ వెళ్లకపోతే దించెయ్యాలి, ఇంకా సాగదీస్తే షాట్ పాడవుతుంది. ఇది తెలిసీ ఇప్పటికీ సాగదీస్తున్నా. మేలో చెయ్యి చెమటకి జారి 58కి పడ్డా. జేబులో పొడి తువ్వాలు పెట్టుకున్నాక జూన్‌లో 66. ఆషాఢం తగ్గింపులకి మూడు ఆదివారాలు షాపులోనే ఉండిపోయి, తిరిగి వెళ్తే 57.

లైసెన్స్ కావాలా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి: 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. నేనింకా కొనలేదు, అద్దెదే.

ఒక సాయంత్రం నలుగురు కుర్రాళ్లు కారులో దిగి, కౌంటర్‌లో డబ్బు కట్టేశారు. దగ్గరికి వస్తే మందు వాసన. మాస్టారు "డబ్బులు తిరిగిచ్చెయ్" అన్నారు. వాళ్లు గొడవ పడ్డారు, డబుల్ ఇస్తామన్నారు. ఆయన గొంతు పెంచలేదు. "రేపు పొద్దున రండి, ఇవాళ మాత్రం ఇవ్వను" అని నాలుగుసార్లు అదే మాట. కట్టిన డబ్బు వెనక్కివ్వడం నా ఇరవై ఏళ్ల కౌంటర్ జీవితంలో చూడలేదు. మా షాపులో అయితే కూల్‌డ్రింక్ తెప్పించి కూర్చోబెట్టేవాళ్లం.

అలాగని అక్కడ అన్నీ బాగున్నాయని కాదు. పెల్లెట్లకి వేరే డబ్బులని బోర్డు మీద ఎక్కడా ఉండదు, వెళ్లేటప్పుడు చెప్తారు. ఇంకోటి సబ్బు. పెల్లెట్ అంటే సీసం, చేతులు కడగకుండా టిఫిన్ ముట్టకూడదని చెప్పేదీ వాళ్లే, కుళాయి దగ్గర సబ్బు పెట్టనిదీ వాళ్లే. మూడుసార్లు అడిగి, నాలుగోసారి నేనే పది రూపాయల సబ్బు కొని పెట్టా. మొన్న 74 కొట్టిన సంతోషంలో చేతులు కడుక్కుందామని వెళ్తే అదీ లేదు. వచ్చే ఆదివారం తాడు కట్టి వేలాడదీస్తా.