పొదుపు ఉన్న పెన్షనరు కౌన్సిల్ టాక్స్ కట్టాలా? ఇంగ్లండ్‌లో నా అనుభవం

ఇంగ్లండ్‌లో ఒక ఇంట్లో వయోజనులు ఒక్కరే నివసిస్తుంటే, ఊరి పాలన చూసే కౌన్సిల్‌కు ఇంటి మీద కట్టే కౌన్సిల్ టాక్స్‌లో నాలుగో వంతు తగ్గిస్తారు. మావారు పోయిన తరువాత ఆ తగ్గింపు కోసం నేను ఒక చిన్న ఫారం నింపి పంపితే, బ్యాంకులో ఎంత ఉందని ఎవరూ అడగకుండానే మంజూరైంది. తక్కువ ఆదాయం గల పెన్షనర్లకు ఇచ్చే కౌన్సిల్ టాక్స్ రిడక్షన్ వ్యవహారం వేరు. అందులో వారానికి వచ్చే పెన్షనుతో పాటు దాచుకున్న డబ్బును, స్వదేశంలో ఉన్న ఆస్తిని కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఆ దరఖాస్తుతో నాకు ఎదురైన అనుభవాన్ని, దాని వల్ల నాకు ఏర్పడిన అభిప్రాయాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా నిబంధనలు చెప్పాలి. సొంతానికి వాడుకునే ఇల్లు ఎంత విలువైనదైనా ఈ లెక్కలోకి రాదు. మొదటి 10,000 పౌండ్ల పొదుపును పట్టించుకోరు. ఆ పైన ప్రతి 500 పౌండ్లకు, లేదా అందులో ఎంత భాగం ఉన్నా సరే, వారానికి ఒక పౌండు ఆదాయం వస్తున్నట్టు భావించి పెన్షనుకు కలుపుతారు. పొదుపు 16,000 పౌండ్లు దాటితే మాత్రం దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. ఒంటరివారికైనా దంపతులకైనా హద్దు ఇదే.

మా ఇద్దరి పేరిట ఉన్న ఖాతాలు నా ఒక్కదాని పేరిటికి మారిన తరువాత ఇక్కడి పొదుపు 12,600 పౌండ్ల దగ్గర తేలింది. గుంటూరులోని ఒక బ్యాంకులో నా పేరిట ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్టును పౌండ్లలోకి మారిస్తే మరో 2,500 వరకు అవుతుంది. మొత్తం 15,100. విదేశంలోని డబ్బును చూపించనక్కర్లేదని మా పరిచయస్తులు కొందరు ధైర్యంగా చెబుతుంటారు కాని, ఫారంలో ప్రశ్న సూటిగానే ఉంది, ప్రపంచంలో ఎక్కడున్న సొమ్మైనా చూపించాల్సిందే. నేను డిపాజిట్టు పత్రం జత చేశాను. దానితో పాటు తెనాలిలో మా నాన్నగారి ఇంట్లో నాకు మూడో వంతు వాటా ఉన్నదని కూడా రాశాను.

కౌన్సిల్ నుంచి మొదట వచ్చిన ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఉన్నాయి. మావారు చనిపోయిన నెలలో ఖాతాలో నుంచి బయటికి వెళ్ళిన పెద్ద మొత్తం ఏమిటన్నది ఒకటి. పన్ను తగ్గింపు కోసం కావాలని డబ్బు వదిలించుకుంటే, ఆ డబ్బు ఇంకా చేతిలో ఉన్నట్టే లెక్కవేసే అధికారం వారికి ఉంది, అందుకని ఆ ప్రశ్న అడగడంలో తప్పేమీ లేదు. అంత్యక్రియల రసీదును, కర్మకాండల కోసం అన్నయ్యకు పంపిన సొమ్ము తాలూకు బ్యాంకు కాగితాన్ని పంపాను, వారు ఒప్పుకున్నారు. రెండో ప్రశ్న బంగారం గురించి. ఒంటిమీది నగలు వ్యక్తిగత వస్తువుల కిందకి వస్తాయి, వాటిని పొదుపుగా లెక్కించరు. మన ఆడవాళ్ళు చాలామంది ఈ భయంతోనే దరఖాస్తు పెట్టడం మానేస్తారు కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను.

అసలు చిక్కు తెనాలి ఇంటి దగ్గర వచ్చింది. ఆ ఇంటి మొత్తం విలువను మూడు భాగాలు చేసి, అమ్మకపు ఖర్చుల కింద నిబంధన ప్రకారం పది శాతం తీసివేసి, మిగిలినదంతా నా పొదుపులో కలిపి, 16,000 దాటింది గనుక అర్హత లేదని నిర్ణయం పంపారు. ఆ ఇంట్లో డెబ్భై అయిదేళ్ళు దాటిన మా పెద్దన్నయ్య, వదిన ఉంటున్నారు. వారిని బయటికి పంపి నా వాటా అమ్ముకుని ఇంగ్లండ్‌లో పన్ను కట్టమనడం ఏమి న్యాయమని మనసులో అనిపించినా, న్యాయం సంగతి ఉత్తరంలో రాస్తే ఎవరూ పట్టించుకోరని నాకు తెలుసు.

ఉచితంగా సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ కార్యాలయంలో ఒక ఆవిడ చాలా ఓపికగా నిబంధనలు తిరగేసి నాకు కావలసిన మాట చూపించారు. పెన్షన్ వయస్సు దాటిన దగ్గరి బంధువు తన నివాసంగా వాడుకుంటున్న ఇంటిని పొదుపు లెక్కలో నుంచి పూర్తిగా మినహాయించాలి, తోబుట్టువులు ఈ బంధువుల్లోకే వస్తారు. అన్నయ్య ఆధార్ కార్డు నకలు, మునిసిపాలిటీకి కట్టిన ఇంటి పన్ను రసీదు, వాటికి ఇంగ్లీషు అనువాదం జతచేసి, నిర్ణయాన్ని పునఃపరిశీలించమని కౌన్సిల్‌కు రాశాను. వారు ఒప్పుకోకపోయినా, రెండు నెలల్లోగా జవాబే ఇవ్వకపోయినా ఇటువంటి వివాదాలను స్వతంత్రంగా విచారించే వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. అంత అవసరం రాలేదు. ఇంటి వాటాను మినహాయించి కొత్త నిర్ణయం పంపారు, దరఖాస్తు తేదీకి ముందు మూడు నెలలకు కూడా తగ్గింపు వర్తింపజేశారు. పెన్షనర్ల విషయంలో ఆ వెనకటి మూడు నెలలు కారణం చెప్పనవసరం లేకుండా ఇస్తారు.

ఇక లెక్క. నాకు ప్రభుత్వ పెన్షను, పాత ఉద్యోగపు చిన్న పెన్షను కలిసి వారానికి 236 పౌండ్లు వస్తాయి. పొదుపు మీద ఊహించిన ఆదాయం 11 పౌండ్లు కలిపితే 247. నావంటి ఒంటరి పెన్షనరుకు 2025-26లో ప్రభుత్వం నిర్ణయించిన కనీస అవసరం 227.10 పౌండ్లు. పైన మిగిలిన 19.90లో అయిదో వంతు, అంటే వారానికి 4 పౌండ్లకు రెండు పెన్నీలు తక్కువ, నేను కట్టాలి. ఏడాదికి 207 పౌండ్లు. ఒంటరి తగ్గింపు పోగా మా ఇంటి పూర్తి పన్ను దాదాపు 1,500. నాకు పొదుపు ఏమీ లేకపోతే 93 పౌండ్లే కట్టేదాన్ని, కాబట్టి దాచుకున్న డబ్బు వల్ల నా మీద పడిన అదనపు భారం ఏడాదికి 114 పౌండ్లు మాత్రమే.

ఆ 114 పౌండ్లు కట్టడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. 500 పౌండ్లకు ఏడాదికి 52 పౌండ్ల ఆదాయమంటే పది శాతం పైమాటేనని, ఏ బ్యాంకూ అంత వడ్డీ ఇవ్వదని చాలామంది పెన్షనర్లు కోపగిస్తారు. ఆ కోపంలో సగమే న్యాయం, ఎందుకంటే మొదటి పదివేల మీద వచ్చే అసలు వడ్డీని కూడా వారు లెక్కించడం లేదు. నా 15,100 మీద వారానికి 11 పౌండ్లంటే ఏడాదికి 572, నాలుగు శాతానికి కొంచెం తక్కువ. కౌన్సిల్ టాక్స్‌లో పెద్ద భాగం వృద్ధుల, వికలాంగుల సంరక్షణకే ఖర్చవుతుంది. మా వీధిలో పసిపిల్లలతో ఉన్న తక్కువ జీతపు కుటుంబాలు కూడా ఆ పన్ను కడుతున్నాయి. 2013లో పాత కౌన్సిల్ టాక్స్ బెనిఫిట్‌ను రద్దు చేసినప్పుడు, పనిచేసే వయస్సువారికి ఎంత తగ్గించాలన్నది ఆయా కౌన్సిళ్ళ ఇష్టానికి వదిలేసి, పెన్షనర్లకు మాత్రం దేశమంతటికీ ఒకే రక్షణ ఉంచారు. ఆ రక్షణ పొందుతున్న మేము పొదుపు మొత్తాన్ని ముట్టుకోవద్దని కోరడం బాగుండదు.

నా అభ్యంతరం 16,000 దగ్గర ఉన్న గోడ గురించి. సరిగ్గా 16,000 పౌండ్లున్న రోజున నావంటి మనిషి ఏడాదికి సుమారు 217 పౌండ్లు కడితే సరిపోతుంది. ఒక్క పౌండు పెరిగితే 1,500 కట్టాలి. క్రింది హద్దును 2009లో 6,000 నుంచి 10,000కు పెంచారు కాని, ఈ పై హద్దు 1990ల నుంచి పెరగనే లేదు. పైగా తక్కువ ఆదాయం గల పెన్షనర్లకు ప్రభుత్వం విడిగా ఇచ్చే పెన్షన్ క్రెడిట్‌లో, ఆదాయాన్ని కనీస అవసరం వరకు పూరించే గ్యారంటీ భాగం వారానికి కొద్ది పౌండ్లు వచ్చినా చాలు, కౌన్సిల్ టాక్స్ విషయంలో పొదుపుకు హద్దే ఉండదు. 17,000 పౌండ్లు దాచుకుని వారానికి 205 పౌండ్ల పెన్షను తీసుకునే ఒకరిని ఊహించుకోండి. ఊహా ఆదాయం 14 పౌండ్లు కలిపినా ఆ వ్యక్తికి 219 మాత్రమే, గ్యారంటీ క్రెడిట్ వస్తుంది, పన్ను మొత్తం మాఫీ అవుతుంది. వారానికి 230 పెన్షను, 16,001 పౌండ్ల పొదుపు ఉన్న పొరుగువారికి ఒక్క పెన్నీ తగ్గదు. ఇద్దరిలో ఎవరు ధనవంతులో ఆ నిబంధన రాసినవారే చెప్పాలి.

గోడ తీసేసి, ప్రతి 500 పౌండ్లకు ఒక పౌండు అనే అదే వాలును పైకి కొనసాగిస్తే ఏమవుతుందో నేనే లెక్కవేసి చూశాను. 20,000 పౌండ్లున్న నావంటి పెన్షనరు ఏడాదికి దాదాపు 300 కడతారు, 40,000 ఉన్నవారు 700 పైగా కడతారు, 78,000 దగ్గరికి వచ్చేసరికి పూర్తి పన్ను పడుతుంది. 78,000 వరకు సాయం మరీ ఎక్కువని అనేవారి మాటను నేను కొట్టిపారేయను. అలాగైతే 16,000 తరువాత ప్రతి 250 పౌండ్లకు ఒక పౌండు చొప్పున వాలును కొంచెం నిటారుగా చేయవచ్చు. అలా చేసినా, కొద్దిపాటి వడ్డీ జమ కావడం వల్ల వెయ్యి పౌండ్లకు పైగా పోగొట్టుకునే పరిస్థితి ఎవరికీ రాదు.

నా వరకు వస్తే గుంటూరు డిపాజిట్టు గడువు ఈ వేసవిలో తీరుతుంది. వడ్డీ కలిసి వచ్చే మొత్తాన్ని ఆ నాటి మారకపు విలువతో కౌన్సిల్‌కు తెలియజేయాలి, 16,000 దాటితే ఆ రోజు నుంచే తగ్గింపు ఆగిపోతుంది. పైకప్పు మరమ్మతు ఎప్పటి నుంచో వాయిదా పడుతున్నది గనుక ఆ పని ముందే చేయించుకోవచ్చా అని సిటిజన్స్ అడ్వైస్ ఆవిడను అడిగాను. నిజంగా అవసరమైన మరమ్మతుకు తగినంత ఖర్చు పెడితే ఇబ్బంది ఉండదని, పనివాడి అంచనాను, రసీదును, ఇల్లు కారుతున్న చోటి ఫోటోలను భద్రపరచుకోమని చెప్పారు. అంచనా కోసం ఇద్దరు పనివాళ్ళను పిలిచాను.