డిస్కులు కనపడట్లేదు అన్నా

పరాయి దేశంలో సర్వర్ల పని చేసేవాళ్ళకి, అందులోనూ కాంట్రాక్ట్ మీద కొత్తగా వచ్చిన మన పిల్లలకి, పని బాగానే వచ్చు, గట్టిగా మాట్లాడ్డమే కష్టం. డిస్కులు కనపడనప్పుడు పక్కనున్న సీనియర్, వాటిని సర్వర్‌కి కలిపే రైడ్ కార్డ్ గురించి "కార్డ్ పోయింది, మార్చేయ్" అనేస్తే కాదు అనడానికి నోరు పెగలదు, వాళ్ళ యాసలో వాళ్ళు గబగబా మాట్లాడేస్తుంటే మనం రెండు ముక్కలు కూడబలుక్కునే లోపు టికెట్ వేరే టీమ్‌కి వెళ్ళిపోతుంది. అందుకే టీమ్‌లోకి వచ్చిన ప్రతి ఒక్కళ్ళకీ నేను చెప్పేది ఒకటే, వాదన పెట్టుకోవద్దు, ఎల్‌ఎస్‌పీసీఐ (మెషిన్‌లో ఏ కార్డులు ఉన్నాయో చూపించే లైనక్స్ కమాండ్) అవుట్‌పుట్ తీసి ముందు పెట్టండి.

మొన్నామధ్య నైట్ షిఫ్ట్‌లోంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. పాత సర్వర్‌లో రెడ్ హ్యాట్ లైనక్స్ 7 తీసేసి 8 ఎక్కిస్తున్నారు, ఇన్‌స్టాలర్‌లో డిస్క్ ఎంచుకునే స్క్రీన్ ఖాళీ. "అన్నా, ఒక్క డిస్క్ కూడా రావట్లేదు, ఇక్కడ కొత్త కార్డ్ ఆర్డర్ పెట్టెయ్యమంటున్నారు" అన్నాడు, గొంతులో కంగారు తెలిసిపోతోంది. "ఆగరా, ముందు కమాండ్లు కొట్టే షెల్‌లోకి వెళ్ళి ఎల్‌ఎస్‌పీసీఐకి ఎన్ఎన్‌కే ఆప్షన్ ఇచ్చి కొట్టు, రైడ్ అని ఉన్న లైన్ చదువు" అన్నా. చదివాడు, 1000:0079. దాని కింద వాడుకలో ఉన్న డ్రైవర్ (కార్డ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పేరు చెప్పే లైన్ మాత్రం లేదు.

ఇక్కడే సగం తేలిపోయింది. ఆ అంకెలు కార్డే బస్ మీద ఇచ్చే జవాబు, 1000 అంటే తయారుచేసిన కంపెనీ ఎల్‌ఎస్ఐ, 0079 అంటే దాని 2108 చిప్. కార్డ్ పూర్తిగా చచ్చిపోతే ఆ లైనే రాదు. మరి డిస్కులు ఎందుకు రాలేదంటే 2019 మేలో వచ్చిన రెడ్ హ్యాట్ 8లో ఈ కార్డులని నడిపే మెగారైడ్ డ్రైవర్ ఉంది గానీ పాత కార్డుల ఐడీలు చాలా తీసేశారు, అందులో 0079 కూడా ఒకటి. చాలామంది బోల్తా పడేది కూడా ఇక్కడే, డ్రైవర్‌ని లోడ్ చేసే కమాండ్ మోడ్‌ప్రోబ్ కొడితే ఎర్రర్ లేకుండా లోడ్ అవుతుంది, లోడైన వాటి లిస్ట్ చూపే ఎల్‌ఎస్‌మాడ్‌లో పేరు కనిపిస్తుంది, కానీ ఆ కార్డ్‌ని మాత్రం ముట్టుకోదు, కాబట్టి "డ్రైవర్ ఉంది కదా, అయితే కార్డే పోయుంటుంది" అని డిసైడ్ అయిపోతారు.

ఈఎల్ రెపో అనే బయటి కమ్యూనిటీ వాళ్ళు ఇలాంటి పాత కార్డుల కోసం డ్రైవర్ డిస్క్ ఇస్తారు, దాన్ని యూఎస్‌బీలో పెట్టి బూట్ చేసేటప్పుడు ఆప్షన్ ఇస్తే డిస్కులు వచ్చేశాయి. అయితే ప్రొడక్షన్ డేటాని ఇలా బయటి డ్రైవర్ మీద ఏళ్ళ తరబడి నడపడం నాకు ఇష్టం ఉండదు, కొత్త కార్డ్ కావాల్సిందే, కాకపోతే అర్ధరాత్రి హడావుడిగా వద్దు, ప్లాన్ చేసుకుని మార్చుకోవాలి, టికెట్‌లో కూడా అలాగే రాయమన్నా.

అసలు ఎల్‌ఎస్‌పీసీఐలోనే లేకపోతే మాత్రం డ్రైవర్ గురించి ఒక్క నిమిషం కూడా వేస్ట్ చేయొద్దు. కార్డ్ తీసి మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టాలి, బయాస్‌లో ఆ స్లాట్ ఆఫ్‌లో ఉందేమో చూడాలి. రెండు సీపీయూల బోర్డుల్లో కొన్ని స్లాట్లు రెండో సీపీయూకే కలిసి ఉంటాయి, అది లేకపోతే ఆ స్లాట్లో ఏ కార్డ్ పెట్టినా పలకదు.

ఇంకోటి, కార్డ్ మార్చాక బూట్ కాకుండా డ్రాకట్ ఎమర్జెన్సీ షెల్‌లో పడిపోవడం. ఇనిట్రామ్‌ఎఫ్ఎస్‌ని (బూట్ మొదట్లో లోడ్ అయ్యే చిన్న ఫైల్ సిస్టమ్) మామూలుగా ఆ మెషిన్‌కి కావాల్సిన డ్రైవర్లతోనే కడతారు, కొత్త కార్డ్‌కి వేరే డ్రైవర్ కావాలంటే అది అందులో ఉండదు. బూట్ మెనూలో రెస్క్యూ ఎంట్రీలో డ్రైవర్లన్నీ ఉంటాయి కాబట్టి దాంతో లేపి, ఇనిట్రామ్‌ఎఫ్ఎస్‌ని కట్టే టూల్ డ్రాకట్‌తో అన్ని కెర్నల్స్‌కీ మళ్ళీ కట్టిస్తే సరిపోతుంది. ఇక డ్రైవర్ పట్టుకుని కూడా డిస్కులు రాకపోతే కెర్నల్ మెసేజ్‌లు చూపే డీమెసేజ్ చదవాలి, ఫర్మ్‌వేర్ ఫాల్ట్ అని ఉందా, లేక డిస్కులు ఫారిన్ (వేరే కార్డ్ మీద సెట్ చేసిన) కాన్ఫిగ్‌లో ఉన్నాయా అని. ఫారిన్ అని కనిపిస్తే దయచేసి క్లియర్ నొక్కకండి, ఇంపోర్ట్ చేయాలి, క్లియర్ కొడితే ఆ రైడ్ వివరాలు పోతాయి, ఎవరు చెప్పినా సరే ముందు బ్యాకప్ సంగతి అడగండి, కొత్తవాళ్ళయినా అడగండి.

ఆ రాత్రి తమ్ముడు హ్యాండోవర్ నోట్‌లో ఎక్కువేం రాయలేదు, ఎల్‌ఎస్‌పీసీఐ లైన్, తీసేసిన ఐడీల లిస్ట్‌లో 0079 ఉన్న చోటు, అంతే. పొద్దున ఆ సీనియరే చదివి టికెట్‌ని హార్డ్‌వేర్ నుంచి ఓఎస్ టీమ్‌కి మార్చాడు, కార్డ్ ఆర్డర్ ఆపేశాడు, ఒక్క మాట కూడా అడగలేదు. అదే రాక్‌లో అప్‌గ్రేడ్ కావాల్సిన సర్వర్లు ఇంకా ఉన్నాయి, వాటన్నిటి కంట్రోలర్ ఐడీలు ముందే తీసి రిక్వెస్ట్‌కి జత చేసే పని ఇప్పుడు ఈ తమ్ముడికే ఇచ్చారు.