దీపం ఎటువైపు పెట్టాలి

గురువారం, రాత్రి.

ఇవాళ దాదాపు రోజంతా స్టూడియోలోనే గడిచింది. జాతివివక్ష మీద వచ్చిన ఒక రచనను తీసుకుని మిక్స్‌డ్ మీడియాలోకి (రకరకాల సామగ్రి కలిపి చేసే కళలోకి) తేవాలి, మనిషి ముఖం మాత్రం ఎక్కడా గీయకూడదు. ఇదీ మా ప్రొఫెసర్ గారు పెట్టిన షరతు. ఆ షరతు మంచిదైంది. ముఖం గీసే వీలుంటే అందరం ఏడుస్తున్న కళ్లో, సంకెళ్లో గీసి ఊరుకునేవాళ్లం.

నేను తీసుకున్నది అమెరికా నల్లజాతి రచయిత డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ 1903లో ప్రచురించిన 'ద సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్'లో మొదటి అధ్యాయం. అందులో ఆయన చిన్నప్పటి సంగతి ఒకటి ఉంది. మసాచుసెట్స్‌ కొండల్లో ఓ చిన్న చెక్క బడి. విజిటింగ్ కార్డులు కొనుక్కుని ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే సరదా పిల్లలకు పుట్టింది. ప్యాకెట్ పది సెంట్లు. ఆట హుషారుగా సాగుతుంటే, బడికి కొత్తగా వచ్చిన ఓ పొడుగాటి అమ్మాయి ఈయన కార్డు తీసుకోనంది. ఒక్క చూపు చూసి వద్దంది, అంతే. తనకీ వాళ్ల లోకానికీ మధ్య పెద్ద తెర ఉందని ఆ పిల్లాడికి అప్పుడు తెలిసింది. ఈ పేజీ ఎప్పుడు చదివినా ఆ పది సెంట్ల దగ్గర నా గొంతు పట్టేస్తుంది. తన ప్యాకెట్ ఎంత ఇష్టంగా ఎంచుకుని ఉంటాడో!

అందుకే నా పనిలో కార్డులు, వాటి ముందు ఒక తెర, అంతకుమించి ఏమీ లేవు. పాతకాలపు పూల అంచుల్ని, పేర్లని లేజర్ ప్రింట్ తీసి, దళసరి అట్టకి జిగురులాంటి జెల్ మీడియం పూసి, ప్రింట్లు బోర్లించి అతికించి నిన్నే ఆరబెట్టాను. ఇవాళ తడిపి వేలికొసతో రుద్దాను. కాగితం తెల్లటి ఉండలు కట్టి ఊడొస్తుంది, అచ్చు మాత్రం అట్టకి పట్టుకుని ఉండిపోతుంది. ఇంకాస్త గట్టిగా రుద్దితే అచ్చూ పోతుంది. ఒక్క కార్డు మీద, పేరున్న చోట, కావాలనే ఎక్కువసేపు రుద్దాను. అక్కడ పేరుందని తెలుస్తుంది గానీ చదవడానికి రాదు.

ఇలా చేయొచ్చన్న ధైర్యం అమెరికా నల్లజాతి చిత్రకారుడు గ్లెన్ లిగాన్ 1990లో చేసిన పని చూశాక వచ్చింది. తనని తెల్లటి నేపథ్యం మీదికి నెట్టినప్పుడే తన రంగు తనకి ఎక్కువగా తెలుస్తుందని నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్స్టన్ 1928 నాటి వ్యాసంలో రాశారు. లిగాన్ ఆ ఒక్క వాక్యాన్నే తలుపంత తెల్లటి పలక మీద, స్టెన్సిల్ (అక్షరాలు కత్తిరించిన అట్ట) పెట్టి నల్లటి ఆయిల్ స్టిక్‌తో మళ్లీ మళ్లీ రాశారు. కిందికి వచ్చేకొద్దీ స్టెన్సిల్‌కి అంటిన రంగు పూసుకుపోయి అక్షరాలు అలుక్కుపోతాయి. ఆ వాక్యానికి వేరే బొమ్మ అక్కర్లేదు. వాక్యం చెప్పే పనిని రంగే చేసి చూపిస్తోంది.

నా పక్క బల్ల అమ్మాయి పని కూడా డుబోయిస్‌దే. 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శన కోసం ఆయన అట్లాంటా యూనివర్సిటీ విద్యార్థులతో కలిసి నల్లజాతివారి బతుకుల మీద పటాలు చేతితో గీసి రంగులు వేయించారు. అంటే మాకన్నా ఎంతో ముందే విద్యార్థులు ఈ పని చేశారన్నమాట! అందులో ఒక దాంట్లో 1890లో జార్జియా పల్లెల్లో ఉన్న 7,34,952 మంది నల్లజాతివారిని ఎర్రటి గీతగా చూపించారు. పట్టణాల వాళ్లని చూపే మిగతా గీతల పక్కన అది ఎంత పొడుగంటే, కాగితంలో పట్టేలా చుట్టలు చుట్టలుగా తిప్పారు. ఆ చుట్టనే ఈ అమ్మాయి ఎర్రదారంతో గుడ్డ మీద కుడుతోంది. వాళ్ల అమ్మమ్మ వాళ్లది జార్జియానేనట.

మధ్యాహ్నం తెర కట్టాను. పల్చటి ఆర్గాంజా. దీపం వెనక పెడితే గుడ్డ ఉన్నట్టే అనిపించదు, కార్డులు చక్కగా కనిపిస్తాయి. చూసినవాళ్లందరికీ అదే నచ్చింది. దీపం ముందు పెడితే గుడ్డే మెరుస్తుంది, కార్డులు మాయమవుతాయి. ఎటూ తేల్చుకోలేక నిలబడి ఉంటే ఆ అమ్మాయి సూది పక్కన పెట్టి వచ్చి తెర వెనక నిలబడింది. దీపం అప్పుడు ముందే ఉంది.

"నువ్వు నాకు బాగా కనిపిస్తున్నావు. నేను కనిపిస్తున్నానా?"

లేదు, కనిపించలేదు. తెర వెనక పుట్టినవాళ్లకి ఇంకో చూపు కూడా ఉంటుందని డుబోయిస్ అన్నది ఇదేనేమో! వాళ్లకి ఇటువైపు అంతా కనిపిస్తుంది, మనకి మాత్రం గుడ్డ మెరుపే. దీపం ఇక ముందే ఉంటుంది. అందంగా లేకపోయినా సరే.

అంబేద్కర్ గారు 1946లో డుబోయిస్‌కి ఉత్తరం రాశారు. ఇక్కడ అమెరికాలో నల్లజాతివారి స్థితికీ మన దగ్గర అంటరానివారి స్థితికీ ఎంతో పోలిక ఉందని అందులో అన్నారు. గదికి వస్తూ దారంతా అదే ఆలోచించాను. మా బడిలో నేను ఎవరి కార్డు తీసుకోలేదు, ఎవరి పేరు అసలు అడగనేలేదు? ఇద్దరు ముగ్గురు గుర్తొస్తున్నారు. వాళ్ల గురించి విడిగా రాస్తాను.

సోమవారం క్రిటిక్, అంటే మా పనులు అందరి ముందూ పెట్టి చర్చించే రోజు. చూడ్డానికి వచ్చినవాళ్లు తెర వెనక్కి వెళ్లి నిలబడేంత చోటు ఉండాలి. ఇప్పుడున్న సందులో మనిషి పట్టరు. తెర కట్టిన కడ్డీని గోడ నుంచి ఇంకా ముందుకు జరపాలి, రేపు పొద్దున్నే నిచ్చెన అడగాలి.