ముద్రకాయ

అయ్యప్ప మాల వేసుకున్న తొమ్మిదో రోజే దీక్ష తప్పాను. మందూ మాంసం కాదు, కోపం. ఆఫీసు నుంచి ఫోనొస్తే నల్లబట్టల్లో, మెడలో తులసిమాలతో, పీఠం గుమ్మంలోనే నిలబడి మా జూనియర్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. తిరిగి చూస్తే వెనక గురుస్వామి, దీక్షలో మమ్మల్ని నడిపించే పెద్దాయన.

ఏమీ అనలేదు. మధ్యాహ్నం భిక్షకు కూర్చోబోతుంటే, "స్వామీ, ఈరోజు మీరు వడ్డించండి" అన్నారు. నలభై మందికి వడ్డించి, ఎంగిలాకులెత్తి నేను కూర్చునేసరికి సాంబారు అయిపోయింది. మజ్జిగ పోస్తూ, "ఫోన్లో అతనూ స్వామే కదా" అన్నారు. అంతే. సాయంత్రం ఆ అబ్బాయికి ఫోన్ చేశాను.

ఆయన గుంటూరులో లారీ మెకానిక్. పంతొమ్మిదిసార్లు శబరిమల కొండకెళ్లారు. పద్దెనిమిదో ఏడు గుడి ఉన్న సన్నిధానంలో కొబ్బరిమొక్క నాటి వచ్చారు. మావైపు ఆరోసారి వెళ్తే గురుస్వామి అనేస్తారు. ఆ లెక్కన మా వీధిలోనే నలుగురున్నారు, పూజలో ఒకరిని మించి ఒకరు గొంతు పెంచుతారు. ఈయనకేమో శ్లోకాలు తడబడతాయి. పదేళ్ల పిల్లాడిని కూడా "మీరు" అంటారు.

నెత్తిన మోసే రెండు ముడుల మూట, ఇరుముడి, కట్టే రోజు గుర్తుంది. పీచు నున్నగా గీకిన కొబ్బరికాయకు కన్ను పొడిచి, నీళ్లు తీసేసి ముందే ఆరబెట్టారు. గ్రీజు మరకలు వదలని ఆ వేళ్లు నా చెయ్యి పట్టుకుని, నాచేతే ఆవునెయ్యి పోయించాయి. నేను గబగబా పోసి "నిండింది స్వామీ" అన్నాను. కాయని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపారు, ఇంజన్ వింటున్నట్టు. "లోపల గాలుంది. పైకి నిండినట్టే కనబడుతుంది." ఆగాం. బుడక్‌మని ఓ బుడగ వచ్చింది. ఇంకో రెండు చెంచాలు పట్టాక బిరడా బిగించి, మైనంతో మూశారు. ముందుముడిలో స్వామికి ఆ ముద్రకాయ, వెనకముడిలో దారికి నా తిండి.

గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కొట్టాయంలో దిగి, అక్కణ్ణుంచి ఎరుమేలి. రంగులు పూసుకుని పేటతుళ్లి ఆడాం, వావరు మసీదులో మొక్కాం, అడవిలో నడిచే పెద్దపాదం దారి పట్టాం. అళుదా నదిలో మునిగి తీసుకున్న రాయిని కల్లిడుంకుండ్రు దగ్గర వేశాం. అందాకా బాగానే ఉంది. కరిమల కొండ సగంలో అరికాళ్ల బొబ్బలు చితికి కూలబడ్డాను.

"లేవండి, అయ్యప్పే చూసుకుంటాడు" అంటారనుకున్నా. నా ఇరుముడి దించి ఒళ్లో పెట్టుకుని పక్కనే కూర్చున్నారు. కాసేపటికి మా బృందంలోని బడిపిల్లాడు, వాడూ నాలాగే మొదటిసారి వస్తున్న కన్నెస్వామే, ఏడుపుమొహంతో చేరాడు. "ఈ స్వామికి భయంగా ఉందట. మీరు కాస్త ముందు నడవండి" అన్నారు నాతో. వాడి చెవిలో కూడా ఏదో ఊదారు. ఇరుముడి మళ్లీ నా నెత్తిన పెట్టారు. వాడు బెదరకూడదని శరణుఘోష గట్టిగా చెబుతూ నడిచాను. బొబ్బల సంగతి పంబ చేరాకే గుర్తొచ్చింది.

పంబలో స్నానం చేస్తుంటే పిల్లాడు బయటపెట్టాడు. "మీరు పడిపోతారేమో, వెనకే ఉండి చూసుకోమన్నారు."

శరంకుత్తిలో కన్నెస్వాములం శరం గుచ్చాం. కన్నెస్వామి రాని ఏడు, అయ్యప్ప కోసం ఎదురుచూస్తున్న మాళికాపురత్తమ్మకు ఆయనతో పెళ్లి అంటారు. అక్కడ గుచ్చిన శరాల గుట్ట చూస్తే ఆ తల్లి మీద జాలేసింది. జనం తోపుడులో పద్దెనిమిది మెట్లు ఎలా ఎక్కానో తెలీదు. దర్శనం రెండు క్షణాలు. మర్నాడు నెయ్యి అభిషేకానికిచ్చి, ఖాళీ చిప్పను మంటలో వేశాం. నలభై ఒక్క రోజులు చన్నీళ్ల స్నానం చేసింది ఆ రెండు క్షణాలకా అని నాకు లోపల ఉడుకుగానే ఉంది. ఆయనతో అనేశాను కూడా.

"మెట్లెక్కగానే ఎదురుగా పైన 'తత్త్వమసి', అంటే 'అది నువ్వే' అని రాసుంటుంది. చూశారా?"

"లేదు స్వామీ."

"మళ్లీ ఏడు చూద్దురుగాని" అని, చిప్పలు కాలుతున్న మంట వేడికి ఓ అడుగు వెనక్కి జరిగారు.