కిటికీ దగ్గర పాడిన పాట

రాత్రి ‘టెండర్ మెర్సీస్’ చూశాను. 1983 నాటి సినిమా. మాక్ స్లెడ్జ్ ఒకప్పుడు పేరున్న కంట్రీ (అమెరికా పల్లె సంగీతం) గాయకుడు. టెక్సాస్‌లో రోడ్డు పక్కన ఓ మోటెల్‌లో తాగి పడిపోయి లేచేసరికి చేతిలో చిల్లిగవ్వ ఉండదు. బాకీ తీర్చడానికి అక్కడే పనికి కుదురుతాడు. మోటెల్ నడిపేది రోసా లీ, భర్త వియత్నాంలో పోయాడు. కూరగాయల మడిలో పని చేసుకుంటూ మాక్ పెళ్లి మాట ఎత్తే తీరు భలే ఉంది. ఆ పెళ్లి చూపించరు కూడా! మందు మానడానికీ పెద్ద సీనేం లేదు. మనవాళ్లైతే ఇంటర్వెల్ బ్యాంగ్ పెట్టేవారు.

ఏళ్ల తర్వాత మాక్ ముందు పెళ్లి నాటి కూతురు వస్తుంది. చిన్నప్పుడు నాకో పావురం పాట పాడేవాడివి, గుర్తుందా అంటే లేదంటాడు. ఆమె వెళ్లిపోయాక కిటికీ దగ్గర నిలబడి అదే పాట అందుకుంటాడు. అక్కడ మాత్రం నా వల్ల కాలేదు.

పాటలు మాక్‌గా వేసిన రాబర్ట్ డువాల్ సొంత గొంతుతోనే పాడాడు. ఆస్కార్ ఇవ్వక ఏం చేస్తారు! పాతికేళ్లు దాటాక ‘క్రేజీ హార్ట్’లో ఆయనే ఇంకో తాగుబోతు గాయకుడికి స్నేహితుడిగా కనిపిస్తాడట. ఆదివారం అది పెట్టాలి.