రెండు సైజులు పెద్దది

మా ఇంట్లో పిల్లల బట్టలు ఎప్పుడూ రెండు సైజులు పెద్దవే కొంటాం. "ఎదిగే పిల్లాడే" అనేది మా అమ్మ మాట. ఆ అలవాటు నాతోపాటే మసాచుసెట్స్ దాకా వచ్చింది. 2019 ఎండాకాలంలో మా వాడికి ఏడేళ్ళు. బోస్టన్ బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్ మైదానం ఫెన్‌వే పార్క్. దాని బయట కొట్లో ఆ జట్టు ఆటగాడు మూకీ బెట్స్ పేరు, 50 నంబరు ఉన్న టీషర్టు కావాలని పట్టుబట్టాడు. పదేళ్ళ వాడికి పట్టేది తీసుకున్నాను. మోకాళ్ళ దాకా వేలాడింది. రాత్రిళ్ళు అదే వేసుకుని పడుకునేవాడు. అది ఒంటికి సరిపోయే నాటికి బెట్స్ లాస్ ఏంజెలెస్‌లో ఆడుతున్నాడు.

2020 ఫిబ్రవరిలో బెట్స్‌ని లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టుకి ఇచ్చేశారన్న వార్త వచ్చిన రోజు వాడు అడిగింది ఒకటే. "బెట్స్ ఏం తప్పు చేశాడమ్మా?"

నేను ఒక కంపెనీలో బడ్జెట్లు చూస్తాను. ఏ విభాగం జీతాల ఖర్చు ఎంత, ఎక్కడ కోత పెట్టొచ్చు అన్నది నా రోజువారీ పని. కాబట్టి ఏడేళ్ళ పిల్లాడి మంచం మీద కూర్చుని లెక్క చెప్పాను. బేస్‌బాల్‌లో ఐపీఎల్ మాదిరి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదు అనే కట్టడి లేదు నాన్నా, ఒక గీత ఉంటుంది, దాటొచ్చు, దాటిన సొమ్ము మీద పన్ను కట్టాలి అని. మొదటి ఏడాది 20 శాతం, వరసగా రెండో ఏడాది దాటితే 30, మూడో ఏడాది 50. ఒక్క ఏడాది గీత కిందికి దిగితే మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలు. రెడ్ సాక్స్ 2018లో దాటింది, 2019లో దాటింది. 2020 గీత 20.8 కోట్ల డాలర్లు. బెట్స్ ఒక్కడి జీతమే ఆ ఏడాదికి 2.7 కోట్లు. పైగా ఆ సీజన్ అయ్యాక ఒప్పందం తీరిపోతుంది, ఎక్కడికైనా పోవచ్చు. పోయేవాడిని ముందే ఇచ్చేసి, అతనితోపాటు పంపిన పిచర్ (బంతి విసిరేవాడు) డేవిడ్ ప్రైస్ జీతం బరువు కూడా సగం దించుకున్నారు.

వాడు నిద్రపోయాడు. అర్థమయిందనుకున్నాను. పొద్దున్న లేచి, "అయితే తప్పేం చెయ్యలేదన్నమాట," అన్నాడు.

ఆ జులైలో డాడ్జర్స్ వాళ్ళు బెట్స్‌కి పన్నెండేళ్ళకు 36.5 కోట్ల డాలర్లు రాసిచ్చారు. అక్టోబరులో వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ కప్పు, గెలిచారు. మా రెడ్ సాక్స్ వాళ్ళు అదే ఏడాది తమ డివిజన్‌లో అట్టడుగున తేలారు. బెట్స్, ప్రైస్‌లకు బదులుగా వచ్చిన ముగ్గురిలో 2025 నాటికి బోస్టన్‌లో మిగిలింది క్యాచర్ కానర్ వాంగ్ ఒక్కడే. ఇప్పుడైతే నిజం ఒప్పుకుంటాను. ఆ పని లెక్క ప్రకారం కూడా తప్పే. పన్ను పడేది గీత దాటిన ముక్క మీదే, మొత్తం మీద కాదు. ఆ ముక్క కోసం ఇరవయ్యేడేళ్ళ వాడిని, 2018లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచినవాడిని ఇచ్చేయడం, కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని ఫ్రిజ్ అమ్ముకోవడం లాంటిది.

మేముండేది ష్రూస్‌బరీలో. వూస్టర్‌కి ఆనుకునే ఉంటుంది. ఆదివారం ఉదయం ఆష్లండ్ లక్ష్మీ గుడికి, మధ్యాహ్నం పిల్లలు బేస్‌బాల్ ఆడే లిటిల్ లీగ్ మైదానానికి. మైదానం పక్కన మడత కుర్చీలు వేసుకుని తల్లిదండ్రులు కూర్చుంటారు. మొదటి రెండేళ్ళు నేను ఫోన్‌లో ఆఫీసు పని చూసుకునేదాన్ని. ఎందుకంటే అక్కడి వాళ్ళ మాటలు నాకు పట్టేవి కావు. తర్వాత తెలిసింది, వాళ్ళు మాట్లాడేదంతా రెడ్ సాక్స్ ఆటగాళ్ళ జీతాల గురించేనని! ఓనర్ జాన్ హెన్రీ లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బుకి కూడా ఓనరే గనక మన డబ్బంతా అటు పోతోందని ఒకాయన. కాదు, కుర్ర ఆటగాళ్ళని తయారు చేసుకోవడమే తెలివని ఇంకొకాయన. రెడ్ సాక్స్ మేటి ఆటగాడు బేబ్ రూత్‌ని న్యూయార్క్ జట్టు యాంకీలకు అమ్మేశారని 1920 జనవరిలో బయటపడితే, ఇంకో కప్పు 2004 దాకా రాలేదని గుర్తుచేసే పెద్దావిడ. వందేళ్ళ నాటి అమ్మకాన్ని నిన్నటి ఇంటి గొడవలా చెప్తుందావిడ. ఒకరోజు ఉండబట్టలేక పన్ను శాతాలు సరిచేశాను. అంతే, ఆ రోజు నుంచి నా కుర్చీ వాళ్ళ వరసలోకి జరిగింది. పదహారేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నా, వాతావరణం గురించి కాకుండా నా అభిప్రాయం అడిగిన మొదటి గుంపు అదే.

2023 జనవరిలో రెడ్ సాక్స్ వాళ్ళకు తమ ఆటగాడు రఫాయెల్ డెవర్స్‌తో పదేళ్ళకు 31 కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పందం కుదిరింది. అప్పట్లో మూడో బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసేవాడు, 11 నంబరు. మా వాడు వచ్చి, "అమ్మా, పదేళ్ళు! ఈసారి ఎంత పెద్దది కొన్నా పర్లేదు," అన్నాడు. మగవాళ్ళ మీడియం కొన్నాను.

2025 ఏప్రిల్‌లో మామయ్యగారు తెనాలి నుంచి వచ్చారు, ఆరు నెలలు ఉండేలా. ఐపీఎల్ నడిచినంత కాలం తాతామనవళ్ళకు మాటలకు లోటు లేదు. సన్‌రైజర్స్ 2021లో వార్నర్‌ని కెప్టెన్సీ నుంచి తీసేసిన సంగతి ఆయన ఇప్పటికీ కోపంగానే చెప్తారు. ఐపీఎల్ అయిపోయాక ఖాళీ. మనవడు పక్కన కూర్చోబెట్టుకుని బేస్‌బాల్ చూపించడం మొదలుపెట్టాడు. తెలుగు బడికి మూడేళ్ళు ఫీజు కట్టినా నోరు విప్పనివాడు, ‘డిజిగ్నేటెడ్ హిట్టర్’ అంటే ఏమిటో తాతకు తెలుగులో చెప్పడానికి తంటాలు పడుతుంటే వంటింట్లోంచి వింటూ ఉండేదాన్ని. "వాడు ఫీల్డింగ్ చెయ్యడు తాతయ్యా. ఓన్లీ కొడతాడు."

"ఇంపాక్ట్ ప్లేయరా?"

"ఆ... కొంచెం అలాంటిదే."

అప్పటికే గొడవ ముదిరింది. ఫిబ్రవరిలో రెడ్ సాక్స్ వాళ్ళు అలెక్స్ బ్రెగ్‌మన్‌ని మూడేళ్ళకు 12 కోట్ల డాలర్లకు తెచ్చారు. ఆయనదీ మూడో బేసే. డెవర్స్‌ని గ్లవ్ పక్కన పెట్టి కొట్టడం వరకే చూసుకోమన్నారు. మొదట ఒప్పుకోలేదు, తర్వాత గొణుగుతూనే సర్దుకున్నాడు. మేలో ఫస్ట్ బేస్ కుర్రాడు కాసస్ మోకాలు దెబ్బతింది. ఇప్పుడు నువ్వు ఫస్ట్ బేస్ ఆడమన్నారు. కుదరదన్నాడు. ఆటగాడిని వెతుక్కోవడం మీ పని, మీ పని మీరు చేసుకోండి అన్న ధోరణిలో పేపరు వాళ్ళ ముందే మాట్లాడాడు. జట్టు అప్పుడు కాన్సస్ సిటీలో ఉంటే ఓనరే విమానమెక్కి వెళ్ళి కలిశాడు.

జూన్ 15. ఆదివారం, ఫాదర్స్ డే. మధ్యాహ్నం యాంకీల మీద 2-0 గెలుపు, మూడు ఆటలకు మూడూ మావే, అందులో డెవర్స్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) ఒకటి. రాత్రి భోజనాల దగ్గర మామయ్యగారు పెరుగన్నంలోకి ఆవకాయ ముక్క వేసుకుంటున్నారు. మా వాడు ఫోన్ చూసి కంచం ముందు నుంచి లేచి నిలబడిపోయాడు. డెవర్స్‌ని శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుకి ఇచ్చేశారు. జట్టు సియాటిల్ విమానం ఎక్కబోతుండగా.

"ఎంత మిగిలుందిరా అతని జీతం?" అన్నారు మామయ్యగారు. ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ అంకెలే.

"టూ ఫిఫ్టీ మిలియన్‌కి పైనే. అంతా వాళ్ళే కడతారట."

"మిలియనంటే పది లక్షలు కదా. అంటే పాతిక కోట్ల డాలర్లు." వేళ్ళ మీద ఆవకాయ నూనె తుడుచుకోకుండానే బల్ల మీద చూపుడు వేలితో రాశారు. ఎనభయ్యారు పెట్టి హెచ్చవేశారు. "రెండు వేల నూటయాభై కోట్లు!" ఆ నూనె అంకెలు బల్ల మీద మర్నాడు దాకా ఉన్నాయి.

నా ధోరణిలో నేను అన్నాను. ఒక రకంగా మంచిదే, అంత బరువు ఒక్కసారి దిగింది, ఆ డబ్బుతో పిచర్లను తెచ్చుకోవచ్చు. అంత జీతం తీసుకునేవాడు జట్టుకి అవసరమైన చోట నిలబడాలి కదా, కొంచెం సర్దుకుంటే పోయేది అని.

వాడు నా వైపు తిరిగాడు. "నువ్వు నాకూ అదే చెప్పావు," అన్నాడు.

అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. వాడికి పదేళ్ళప్పుడు షార్ట్‌స్టాప్ ఆడేవాడు, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్. కొత్తగా ఒక పిల్లాడు వస్తే కోచ్ వీణ్ణి రైట్ ఫీల్డ్‌కి పంపాడు. ఆ వయసు ఆటల్లో రైట్ ఫీల్డ్ వైపు బంతి రావడం అరుదు, ఆడలేని పిల్లల్ని నిలబెట్టే చోటది. నాకప్పుడు ఆ సంగతి తెలియదు. వాడు ఇంటికొచ్చి చెప్తే, "ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడు, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకు," అన్నాను. సీజనంతా గడ్డిలో నిలబడ్డాడు. నేను మడత కుర్చీలో కూర్చుని, ఎంత బుద్ధిమంతుడో అనుకున్నాను.

సర్దుకుపోవడం నాకు చేతనైన విద్య. వీసా మీద ఉన్న ఏడేళ్ళూ ఇచ్చిన సీట్లో కూర్చున్నాను, ఇచ్చిన ప్రాజెక్టు చేశాను. డెవర్స్‌కి ఉన్న 31 కోట్ల ఒప్పందం నాకు లేదు గనక అలా చేశానా, ఉన్నా అలాగే చేసేదాన్నా అన్నది ఇప్పుడు చెప్పలేను.

మామయ్యగారు చెయ్యి కడుక్కొచ్చి కూర్చున్నారు. "ఇది పనిష్మెంట్ ట్రాన్స్‌ఫర్‌రా," అన్నారు మనవడితో.

ఆయన ప్రభుత్వ ఆఫీసులో గుమస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. 1987లో కొన్నాళ్ళు టెక్కలిలో పనిచేశారని మా పెళ్ళయినప్పటి నుంచి వింటున్నాను. మా ఆయనకు అక్కడి జీడితోటలు కాస్త గుర్తు. ఎందుకు వెళ్ళారో ఎవరం అడగలేదు. ఆ రాత్రి చెప్పారు. తెనాలిలో అకౌంట్స్ సీటు ఆయనది. సిఫార్సుతో ఒకతను వచ్చాడు. ఆ సీటు అతనికిచ్చి, ఈయన్ని ఇన్‌వార్డులో కూర్చోమన్నారు, వచ్చిన కాగితాలకు నంబర్లేసే పని. కూర్చోనన్నారు. నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది, టెక్కలి. అత్తయ్యగారు చంటిపిల్లతో, మా ఆయన చెయ్యి పట్టుకుని రాత్రి బండెక్కారట.

"మీరు సారీ చెప్పలేదా తాతయ్యా?"

"ఎందుకు చెప్తా? సీటు నాది."

మా వాడు నన్ను చూసిన చూపు నేను వర్ణించను. మా ఆయన మాత్రం పళ్ళెం ముందేసుకుని అలాగే కూర్చున్నాడు. తన చిన్నప్పటి సంగతి తనకే మొదటిసారి తెలిసింది.

ఆ తర్వాత ఆ వేసవంతా ముగ్గురం మూడు పక్షాలు. నాది జీతాల పట్టీ, మామయ్యగారిది సర్వీసు రూల్సు, వాడిది ఆటగాడికి జట్టు ఇచ్చిన మాట. అయిదు రోజులకే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ రెండు జట్లకీ ఆటలు పడ్డాయి. రెండో ఆటలో డెవర్స్ పాత జట్టు మీదే హోమ్ రన్ కొడితే తాతామనవళ్ళిద్దరూ చప్పట్లు కొట్టారు, బోస్టన్ అభిమానులై ఉండి! ఆగస్టులో రెడ్ సాక్స్ వాళ్ళు రోమన్ ఆంథొనీతో ఎనిమిదేళ్ళకు 13 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. వూస్టర్ పోలార్ పార్క్‌లో రెడ్ సాక్స్ కింది స్థాయి జట్టుకి ఆడినప్పుడు మేము కంచె పక్కన నిలబడి చూసిన కుర్రాడు. చూశారా, డబ్బు ఎక్కడికి పోయిందో అన్నాను. చిన్నవాడు గనక చవగ్గా దొరికాడు, అది గెలుపు కాదన్నాడు మా వాడు. అదీ నిజమే. ప్లేఆఫ్స్‌కి వెళ్ళాం, యాంకీల చేతిలో మూడో ఆటలో పోయాం. సీజన్ అయిపోగానే బ్రెగ్‌మన్ కూడా ఒప్పందంలోని వెసులుబాటు వాడుకుని బయటికొచ్చాడు. ఎవరికోసం డెవర్స్‌ని లేపారో ఆయనా లేచాడన్నమాట. నా దగ్గర దీనికి జవాబు లేదు.

అక్టోబరులో మామయ్యగారి పెట్టె సర్దుతుంటే మా వాడు డెవర్స్ చొక్కా తెచ్చి పైన పెట్టాడు. అప్పుడే వాడికి సరిగ్గా పట్టడం మొదలయింది. "తాతయ్యకి కూడా పడుతుంది," అన్నాడు. ఆంథొనీ చొక్కా కొననా అని అడిగితే, నంబరు చాలు, పేరు వద్దన్నాడు. సొంత మైదానంలో రెడ్ సాక్స్ ఆటగాళ్ళు వేసుకునే తెల్ల చొక్కాల మీద కూడా పేర్లుండవు. "నా సైజే కొను," అని కూడా అన్నాడు.

పదిహేను రోజుల తర్వాత తెనాలి నుంచి వీడియో కాల్. ఉదయం నడకకు వెళ్ళిన చోట బెంచీ మీద మామయ్యగారు, ఒంటి మీద డెవర్స్. పక్కన ఆయన ఈడువాళ్ళు నలుగురైదుగురు. "వీళ్ళు నమ్మట్లేదురా, నువ్వే చెప్పు," అని ఫోన్ వాళ్ళ వైపు తిప్పారు.

మా వాడు గొంతు సవరించుకున్నాడు. "అతని సీటు మూడో బేస్ అండి. ఇంకొకతను వచ్చాడని సీటు తీసేశారు. కూర్చోనన్నాడు. అందుకని... ట్రాన్స్‌ఫర్."

"ఎంత దూరం?" ఎవరో అడిగారు.

"మూడు వేల మైళ్ళు."

"టి.ఏ. ఇచ్చారా మరి?" వెనక నుంచి ఇంకో గొంతు.

వాడు ఫోన్ పక్కకి జరిపి నా వైపు చూశాడు. "అమ్మా, టి.ఏ. అంటే ఏంటి?"