మూడు మీటర్ల నీళ్లలో లంగరు: నా అనుభవం

లోతు తక్కువైతే లంగరు వేయడం సులువనుకునేవాణ్ని. అడుగున ఇసుక కళ్లకు కనిపిస్తుంటే ఇంకేం టెన్షన్ అని. బహామాస్ దక్షిణాన జుమెంటోస్, రాగ్డ్ దీవుల వరుసలో పది రోజులు తిరిగాక ఆ భ్రమ పోయింది.

మాది ఉప్పాడ దగ్గర ఊరే గానీ, సముద్రం గురించి నాకు తెలిసింది వంజరం వేపుడు దగ్గరే ఆగిపోయింది. అక్కా బావా ఫ్లోరిడాలో ఉంటారు. వాళ్లది 38 అడుగుల తెరచాప పడవ, నీళ్లలోకి మీటరున్నర దిగుతుంది. బహామాస్‌లోని జార్జ్ టౌన్‌లో నీళ్లు, డీజిల్, కూరగాయలు నింపుకుని బయల్దేరాం. కర్కట రేఖ ఆ ఊరికి కాస్త కిందుగా పోతుంది. అది దాటి ఈ వరుసలోకి వస్తే ఊరు అనేది చివర్న డంకన్ టౌన్ ఒక్కటే, దాన్ని కూడా 2017లో ఇర్మా తుపాను చితక్కొట్టింది. అంటే లంగరు జారి పడవ రాళ్లెక్కితే లాగడానికి వచ్చే నాథుడు ఉండడు.

అందుకే ఏ దీవికైనా ఉదయం పది దాటాక, మధ్యాహ్నం మూడు లోపల చేరాలన్నది బావ పెట్టిన రూలు. ఎండ నెత్తిన గానీ వీపు వెనక గానీ ఉంటేనే నీటి రంగు తెలుస్తుంది. లేత ఆకుపచ్చ కలిసిన నీలం అయితే ఇసుక, ముదురు మచ్చ అయితే గడ్డి, గోధుమ రంగు అయితే పగడమో రాయో, దాని జోలికి పోకూడదు. నేను పడవ ముక్కు (ముందు కొస) మీద నిలబడి చెయ్యి ఊపుతూ దారి చూపించాలి, బావ వెనక చుక్కాని దగ్గర. మబ్బు నీడను చూసి రెండుసార్లు "రాయి, రాయి" అని అరిచాను. అరవడం వద్దని, చేతి సైగలే వాడాలని అప్పుడే ఒప్పందం కుదిరింది (ఇంజిన్ మోతలో అరుచుకునే మొగుడూపెళ్లాలను చూస్తే ఎందుకో తెలుస్తుంది).

మొదటి సాయంత్రం లోతు కొలిచే మీటరు 3 మీటర్లు చూపిస్తోంది. లోతుకు 7 రెట్లు గొలుసు వదలాలని నేను చదువుకునే వెళ్లాను.

"బావా, 21 మీటర్లు వదిలేస్తున్నా."

"పడవ ముక్కు ఎత్తు ఎవడు కలుపుతాడ్రా? రాత్రికి పోటు వస్తే?"

గొలుసు నీటి మట్టం దగ్గర్నుంచి కాదు, ముక్కు మీద ఉన్న రోలరు (గొలుసు జారే చక్రం) దగ్గర్నుంచి దిగుతుంది. అది 1.2 మీటర్లు. పోటుకి ఇంకో మీటరు వేసుకుంటే మొత్తం 5.2, ఏడు రెట్లంటే 36 దాటింది. నేను వదలబోయిన 21 అసలు లెక్కలో నాలుగు రెట్లే! ఇరవై మీటర్ల లోతులో ఈ రెండు మీటర్ల తేడా పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, ఇక్కడ మాత్రం లెక్కంతా తలకిందులు. పైగా తక్కువ లోతులో గొలుసు బరువుగా వేలాడదు, గట్టి గాలికి తీగలా బిగుసుకుపోయి ప్రతి కుదుపూ నేరుగా లంగరు మీదే పడుతుంది. అందుకే గొలుసుకి కొక్కెంతో సాగే నైలాన్ తాడు కట్టి, బరువు దాని మీద పడేలా చేస్తారు.

సరే, 36 వదిలాం. బావ మెల్లగా రివర్స్ వేశాడు. గొలుసు మీద కాలు పెట్టి చూడమన్నాడు. గరగరమని వణుకు. ఒడ్డున ఒక పొద, దాని వెనక ఒక బండ ఒకే వరసలో పెట్టుకుని చూస్తున్నా, రెండూ విడిపోతున్నాయి, అంటే జారుతున్నాం. కళ్లద్దాలు, గొట్టం పెట్టుకుని దూకి చూస్తే ఇసుక రెండు అంగుళాలే, కింద సున్నపురాయి పలక. పెనం మీద అట్లకాడ గీసినట్టు గీతలు పడ్డాయి, లంగరు పక్కకి ఒరిగి పడుకుని ఉంది. మూడోసారికి ఇంకా అవతల, ఇసుక మందంగా ఉన్నచోట, పూర్తిగా దిగబడింది. అప్పటి నుంచి లంగరు వేసిన ప్రతిసారీ దూకి కళ్లతో చూడందే నేను టీ తాగలేదు.

ఎనిమిదో రోజుకి చలిగాలి వస్తుందని సూచన. శీతాకాలంలో ఇక్కడ ఉత్తరాన్నుంచి ఫ్రంట్ (చలిగాలి ముందంచు) దిగితే గాలి తూర్పు ఆగ్నేయం వదిలి దక్షిణం, పడమర, వాయవ్యం, ఉత్తరం అని గడియారం ముల్లులా తిరుగుతుంది. ఈ దీవులకి మామూలుగా లంగరు వేసేది పడమటి పక్కనే, తూర్పు గాలికి దీవి అడ్డుంటుందని. పడమర గాలి తిరిగిందా, అడ్డు అనుకున్న ఒడ్డే మన వీపు వెనక గోడ అవుతుంది. ముందురోజే ఎండ ఉండగానే రెండు చిన్న దీవుల సందులోకి జరిగాం. అక్కడ అలలకి అడ్డుంది గానీ పోటూ పాటూ ప్రవాహం ఎక్కువ, పడవ ఒకసారి గాలి మాట, ఒకసారి నీటి మాట వింటుంది. 40 మీటర్లు వదిలి, ఫోన్‌లో లంగరు అలారం (పడవ హద్దు దాటితే మోగేది) పెట్టాం, పడవ ఉన్నచోటు కాదు, లంగరు పడినచోటు గుర్తు పెట్టి.

రాత్రి రెండుకి 28 నాట్ల (గంటకు దాదాపు 52 కిలోమీటర్ల) గాలి. వంతులేసుకుని కూర్చున్నాం. నా వంతులో అలారం ఒకసారి మోగింది, గుండె జారింది, చూస్తే పడవ తిరగడమే, జారలేదు.

తెల్లారాక దూకి చూస్తే లంగరు మొహం అటు తిప్పుకుని మళ్లీ ఇసుకలో దిగబడి ఉంది. గొలుసు ఇసుక మీద పెద్ద అర్ధచంద్రం గీసి, దారిలో ఉన్న ఒక రాతి గుబ్బకి ఒకటిన్నర చుట్టు చుట్టుకుంది. మోటారుతో లాగితే గొలుసు తెగుతుంది, లేదా రోలరు పోతుంది. నేను నీళ్లలో తేలుతూ చేత్తో దారి చూపిస్తుంటే, బావ పడవని చుట్టుకున్న దిక్కుకి వ్యతిరేకంగా అంగుళం అంగుళం నడిపాడు. నలభై నిమిషాలు పట్టింది.